కానర్ రాసి వదిలేసిన కొలత

ఇతరులతో కలవడం, మాట్లాడటం కష్టమయ్యే ఆటిజాన్ని ప్రత్యేక స్థితిగా వైద్యలోకం గుర్తించడానికి కారణం 1943లో బాల్టిమోర్ వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసం. మాస్కోలో మానసిక వైద్యురాలు గ్రున్యా సుఖరేవా 1920లలోనే ఇలాంటి పిల్లల గురించి రాశారు గానీ, ఆమెను చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. పిల్లలు ఈ లక్షణంతోనే పుట్టారని కానర్ అన్నారు. అయిదుగురి తలలు కాస్త పెద్దవని కూడా రాసి, అంతటితో వదిలేశారు.

లోకం పట్టుకున్నది మాత్రం ఆయన రాసిన మూడో మాటను: ఆ తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువ అని. పిల్లలను మంచు కరగని ఫ్రిజ్‌లో పెట్టినట్టు పెంచారని 1949లో ఆయనే అన్నారు. నాజీ నిర్బంధ శిబిరాల్లో ఖైదీగా ఉండి వచ్చిన బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో మరీ ముందుకెళ్లి, ఈ పిల్లల స్థితిని ఆ ఖైదీల స్థితితో పోల్చారు. అంటే కాపలాదారు ఎవరు? తల్లే! ఏ ఆధారమూ లేని ఈ నిందను ఎందరో తల్లులు ఏళ్ల తరబడి మోశారు.

మూలం మెదడులో ఉందని 1964లోనే వాదించిన బెర్నార్డ్ రిమ్‌లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆటిజం ఉన్న అబ్బాయికి తండ్రి. గట్టి ఆధారం 1977లో దొరికింది. బ్రిటన్‌లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్, కనీసం ఒకరికి ఆటిజం ఉన్న 21 కవల జతలను పరిశీలించారు. ఒకే అండం నుంచి పుట్టి, ఒకే జన్యువులున్న 11 జతల్లో నాలుగింటిలో ఇద్దరికీ ఆటిజం ఉంది. వేర్వేరు అండాల నుంచి పుట్టిన 10 జతల్లో ఒక్కదానిలోనూ ఇద్దరికీ లేదు. చిన్న అధ్యయనమే, కానీ పెంపకం వాదానికి దీని ముందు జవాబు లేకపోయింది.

1985లో మార్గరెట్ బామన్, థామస్ కెంపర్ ఆటిజంతో జీవించి మరణించిన 29 ఏళ్ల వ్యక్తి మెదడును పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శినిలో చూశారు. చిన్నమెదడులో పర్కింజీ కణాలనే పెద్ద నాడీకణాలు తక్కువగా కనిపించాయి. అయితే 29 ఏళ్ల మెదడులో కనిపించే తేడా మొదటి నుంచీ ఉన్నదా, తర్వాత వచ్చిందా? అది తేలాలంటే పసివయసులోనే చూడాలి.

2003లో ఎరిక్ కోర్షెన్ బృందం శిశువుల తల చుట్టుకొలతల పాత రికార్డులు తిరగేసింది. ఆటిజం తేలిన పిల్లల తలలు మొదటి ఏడాదిలో అతివేగంగా పెరిగాయని చెప్పింది. కానర్ రాసుకున్న కొలతకు అరవై ఏళ్లకు విలువ వచ్చింది. అందరిలోనూ అలా జరగదని, కొందరికే ఇది వర్తిస్తుందని తర్వాతి అధ్యయనాలు సవరించాయి. 2017లో, అన్నకో అక్కకో ఆటిజం ఉన్న శిశువులను స్కాన్ చేసినప్పుడు, తర్వాత ఆటిజం తేలినవారిలో 6-12 నెలల మధ్యే మెదడు పైపొర ఎక్కువగా విస్తరించినట్టు కనిపించింది. బయటి లక్షణాలతో నిర్ధారణ జరిగేది సాధారణంగా రెండేళ్లు వచ్చాకే.

అంతకన్నా వెనక్కి తీసుకెళ్లింది 2014 నాటి ఒక అధ్యయనం. ఆటిజం ఉండి, చనిపోయిన 11 మంది పిల్లల్లో 10 మంది మెదడు పైపొరలో కణాల అమరిక అక్కడక్కడా చెదిరి ఉంది. ఆ పొరలు ఏర్పడేది గర్భంలోనే.