కీమో తీసుకుంటున్న పిల్లలూ ఆటలూ: అపోహలు - వాస్తవాలు

పిల్లల క్యాన్సర్ వార్డులో ఫిజియోథెరపిస్టుగా నేను అడుగుపెట్టగానే మంచం పక్కనున్న అమ్మమ్మో నాయనమ్మో చెయ్యి అడ్డం పెడతారు. "ఇవాళ వద్దులేమ్మా, పిల్లాడికి అస్సలు ఓపిక లేదు" అంటారు. వాళ్ల ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ ఆ ప్రేమే పిల్లాణ్ణి ఇంకా నీరసపరుస్తుంటే చూస్తూ ఊరుకోలేను.

అపోహ: నీరసంగా ఉన్న బిడ్డకు పడుకోవడమే మందు.

వాస్తవం: మామూలు అలసట నిద్రపోతే తీరుతుంది. కీమో నీరసం రాత్రంతా నిద్రపోయినా తీరదు. పడుకున్నకొద్దీ కండ కరుగుతుంది. కండ తగ్గితే బాత్రూం దాకా నడిచినా ఆయాసమే. ఆ ఆయాసానికి భయపడి మళ్లీ పడుకుంటారు. పిల్లల్లో ఎక్కువగా కనిపించే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు చికిత్స రెండు నుంచి మూడేళ్లు నడుస్తుంది. పైగా అందులో వాడే స్టెరాయిడ్లు తొడల కండరాలను బలహీనపరుస్తాయి. నేల మీద కూర్చున్న పిల్లాడు మోకాళ్ల మీద చేతులు ఆనించి లేస్తున్నాడంటే నేను కంగారుపడేది అందుకే.

కదలడమంటే పరుగులు తీయించడం కాదు. మంచం అంచున కూర్చుని బెలూన్ కొట్టడం, వరండాలో ఒక చుట్టు, కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడం. ఐదేసి నిమిషాలు, రోజులో నాలుగైదుసార్లు. వాంతులు ఎక్కువగా ఉన్న రోజు అదీ మానేయొచ్చు. ఇప్పటిదాకా జరిగిన అధ్యయనాలు చాలావరకు చిన్నవే, కాబట్టి గొప్పలు చెప్పను. అయినా 2021లో వివిధ దేశాల నిపుణులు కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు కూడా క్యాన్సర్ ఉన్న పిల్లలు వీలైనంతలో కదలాలనే చెప్పాయి.

అపోహ: కాలు ఈడుస్తున్నాడంటే మారాం చేస్తున్నాడు.

వాస్తవం: దయచేసి ఆ బిడ్డను తిట్టకండి. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు నరాల మీద పనిచేసి పాదం పైకి లేవకుండా చేయవచ్చు. చెప్పు జారిపోతుంటుంది, గడప తగిలి తూలిపడతారు, గొంతుక్కూర్చుంటే మడమలు నేలకు ఆనవు. వీటిలో ఏది కనిపించినా డాక్టరుకు చెప్పండి. పిక్కల కండరం బిగుసుకుపోకముందే మొదలుపెట్టాలి: కాళ్లు చాపి కూర్చోబెట్టి, పాదాన్ని మెల్లగా పిల్లాడి వైపు వంచి కాసేపు పట్టుకోవాలి. ఎలాగో ఒకసారి ఫిజియో దగ్గర చూసి నేర్చుకుంటే ఇంట్లో అమ్మే చేయగలదు. అవసరమైతే పాదం వాలిపోకుండా పట్టి ఉంచే స్ప్లింట్ ఇస్తాం.

అపోహ: రక్తకణాల కౌంట్లు పడిపోతే వేలు కూడా కదపకూడదు.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది. ప్లేట్‌లెట్లు 50 వేల కంటే తగ్గితే గెంతులు, సైకిల్, దెబ్బ తగిలే ఆటలు వద్దంటాం. ఇంకా బాగా పడిపోయినప్పుడు ఎంతవరకు కదలవచ్చో డాక్టరును అడిగాకే. హద్దులు ఆసుపత్రిని బట్టి కొంచెం మారతాయి, మీ డాక్టరు మాటే లెక్క. తెల్లకణాలు తగ్గితే జనంలోకి వెళ్లొద్దు కానీ గదిలో నడవచ్చు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే మాత్రం వ్యాయామం సంగతి పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి రండి, తెల్లారేదాకా ఆగొద్దు.

ఎముక క్యాన్సర్ ఉన్న పిల్లల సంగతి వేరు. ఆ ఎముక విరిగే ప్రమాదం ఉంటుంది. కాలి మీద బరువు ఎప్పుడు మోపాలో సర్జనే చెప్పాలి.

అపోహ: ఒళ్లు కదిలితే క్యాన్సర్ పాకుతుంది.

వాస్తవం: పాకదు. అలాగని వ్యాయామంతో క్యాన్సర్ తగ్గిపోతుందని ఎవరైనా చెబితే అదీ నమ్మొద్దు. ఒక్క కీమో డోసు కూడా మానకండి.

అపోహ: చికిత్స అయిపోయింది, ఇక ఏ ఆటైనా ఆడొచ్చు.

వాస్తవం: చాలామంది ఆడగలరు, ఆడాలి కూడా. అయితే డాక్సోరూబిసిన్ లాంటి కీమో మందులు గుండె మీద ప్రభావం చూపవచ్చు. గట్టి పోటీల్లోకి పంపేముందు గుండె ఎకో (స్కాన్) చేయించాలా అని డాక్టరును అడగండి. స్టెరాయిడ్లు వాడిన పిల్లలు, ముఖ్యంగా పదేళ్లు దాటినవాళ్లు, తుంటి లేదా మోకాలి నొప్పి అంటే ఆట ఆపించి డాక్టరుకు చూపించండి. బడిలో పీటీ టీచరుకు ఈ రెండు విషయాలూ ముందే చెప్పి ఉంచండి.