ఒకే చిలక, రెండు సైజులు

బుజ్జులూ, ఎలా ఉన్నారు? ఇక్కడ పర్లాకిమిడిలో వారం నుంచీ ఒకటే ముసురు, మహేంద్రతనయ ఎర్రనీళ్ళతో పారుతోంది, ఊరి చుట్టూ ఉడుపులు జోరుగా సాగుతున్నాయి. మొన్న ఫోన్లో చిన్నది ఏడుపు గొంతుతో అడిగింది కదా, "తాతయ్యా, అక్కా నేనూ ఒకే గళ్ళ కాగితం చూసి ఒకే చిలకని క్రాస్ స్టిచ్ కుట్టాం, నాది సాసరు కన్నా పెద్దదొచ్చింది, అక్కది అరచేతిలో పట్టేంత వచ్చింది, నేనేం తప్పు చేశాను" అని. నువ్వే తప్పూ చెయ్యలేదురా తల్లీ, తేడా అంతా గుడ్డలోనే ఉంది.

నిన్న సాయంత్రం గట్టు మీద నిలబడి ఉడుపులు చూస్తుంటే నీ చిలకే గుర్తొచ్చింది. మడికి అడ్డంగా తాడు కట్టి డెబ్బై కుదుళ్ళు నాటాలనుకో, ఎడంగా నాటితే పెద్ద మడి కావాలి, దగ్గరగా నాటితే చిన్న మడి చాలు, కుదుళ్ళు మాత్రం అవే డెబ్బై. మీ చిలక కూడా అడ్డంగా 70 కుట్లే, గుడ్డ మీద ఒక్కో గడికి ఇంటూ గుర్తులా ఒక్కో కుట్టు. నీ ఐడా గుడ్డ, అదే గళ్ళు గళ్ళుగా నేసి మూలమూలకీ కన్నాలుండే గుడ్డ, 11 కౌంట్, అంటే అంగుళానికి 11 గళ్ళు, అందుకే ఆరు అంగుళాలు దాటింది. అక్కది 18 కౌంట్, నాలుగంగుళాలకి కొంచెం తక్కువలోనే అయిపోయింది. అదే 14 కౌంట్ కొని ఉంటే సరిగ్గా 5 అంగుళాలు. బొమ్మలో కుట్లెన్నో చూసి కౌంట్‌తో భాగిస్తే చాలు, గుడ్డ కత్తిరించక ముందే చిలక ఎంతుంటుందో తెలిసిపోతుంది.

ఇంకోటి చూడు, ఎడంగా నాటిన చోట కుదుళ్ళ మధ్యలో నీళ్ళే కనబడతాయి. కుట్టు కూడా అంతే, గళ్ళు పెద్దవైతే దారం లావుగా ఉండాలి. కండెలో ఆరు పోగులు కలిసి ఉంటాయి, 14 కౌంట్‌కి రెండు పోగులు తీసి కుడతారు, 11కి మూడు, 18కి ఒకటి చాలు. నువ్వు నీ 11 మీద కూడా అక్కని చూసి ఒక్క పోగే పెట్టావు, అందుకే చిలక రెక్కల మధ్య నుంచి తెల్లగుడ్డ కనబడుతోంది. మళ్ళీ దాని మీదే ఇంకో రెండు పోగులు వేసెయ్, ఏం కాదు.

మడికి గట్టు ఉన్నట్టే గుడ్డకీ అంచు కావాలి. నాలుగు వైపులా మూడేసి అంగుళాలు వదలండి, 5 అంగుళాల బొమ్మకి 11 అంగుళాల గుడ్డ అన్నమాట. ఫ్రేముకి పట్టుకోడానికి అదే కావాలి, పోగులు ఊడినా బొమ్మ దాకా రావు. దమ్ము పట్టి మడి చదును చేసినట్టే ముందు ఇస్త్రీ కూడా చెయ్యండి. సూది మొన మొద్దుగా ఉన్నదే వాడండి, పదును సూదైతే కన్నంలోంచి పోకుండా పోగుని చీల్చుకుంటూ పోతుంది.

లినెన్‌లో గళ్ళు కనబడవు, పోగులే లెక్కపెట్టుకోవాలి, రెండేసి పోగుల మీద కుడతారు కాబట్టి 28 కౌంట్ లినెన్ మన చేతికొచ్చేసరికి 14 లెక్కే. మీకు ఇప్పుడే వద్దు. మన దగ్గర ఎక్కువ దొరికేది మ్యాటీ, అదీ ఐడా లాగే గళ్ళు కనబడేలా నేసిన నూలు గుడ్డే. చవకే, నాకూ ఇష్టమే, కానీ కొన్ని మ్యాటీల్లో అడ్డంగా అంగుళానికి ఎన్ని ఉన్నాయో నిలువుగా అన్ని ఉండవు, అప్పుడు గుండ్రటి పండు కోడిగుడ్డయిపోతుంది. షాపులోనే స్కేలు పెట్టి రెండు వైపులా లెక్కపెట్టండి, షాపతను విసుక్కున్నా సరే లెక్కపెట్టండి.

గుడ్డ ఎంచుకోవడం నాకు మా అమ్మ వల్ల తెలిసింది. నాకు తొమ్మిదో పదో ఏళ్ళు, అప్పట్లో నౌపడా నుంచి మన ఊరి మీదుగా గుణుపురం దాకా చిన్న రైలు నడిచేది, పట్టాల మధ్య రెండున్నర అడుగులే, అందుకే ఇంజనూ పెట్టెలూ అన్నీ చిన్నవే, ముచ్చటగా ఉండేవి. ఆ రైల్లో నాన్నతో టెక్కలి వెళ్ళి, అమ్మ దిండు గలేబుల కోసం మ్యాటీ తెమ్మంటే, మెరుస్తోందని నేను పాప్లిన్ పట్టించుకొచ్చాను. అమ్మ వెలుతురుకి పట్టి చూసింది, కన్నమే లేదు. ఒక్క మాట అనలేదు. ట్రంకు పెట్టెలోంచి పాత మ్యాటీ ముక్క తీసి పాప్లిన్ మీద పరిచి టాకాలేసింది, రెండిటినీ కలిపి, మ్యాటీ కన్నాలు చూసుకుంటూ నాలుగు రోజులు చిలకని కుట్టింది. అయిదో రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కుట్టు కింద నుంచి మ్యాటీ పోగుల్ని ఒక్కొక్కటే లాగడం మొదలుపెట్టింది. ముందు నిలువు పోగులన్నీ, తర్వాత అడ్డం పోగులు. పోగు వస్తున్నప్పుడు సర్ర్‌మని సన్న చప్పుడు. చివరికి మ్యాటీ అంతా ఒడిలో దారాల కుప్పయింది, నున్నటి పాప్లిన్ మీద చిలక ఒక్కటే మిగిలింది, ఒక్క కుట్టు కూడా వంకర లేదు. అది చూసిన ఆశ్చర్యం నాకింకా తీరలేదు. తప్పు గుడ్డ వచ్చిందని పారేయొద్దు అని అందుకే చెప్తుంటాను.

పార్శిల్లో 14 కౌంట్ గుడ్డ ముక్కలు రెండు పెట్టాను, దానితో పాటు నా పాత పొందూరు కండువా ఒకటి. వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, చేత్తో వడికిన నూలు అది, వంద నంబరు. ఆ వంద దారం సన్నదనానికి, మన 14 గళ్ళకి, రెండు లెక్కలూ వేరు, కలిపెయ్యకండి. ముందు వంటింట్లో బియ్యం గోనె మీద స్కేలు పెట్టి అంగుళానికి ఎన్ని పోగులో చూడండి, తర్వాత తువాలు, తర్వాత దుప్పటి. చివరికి కండువాని కిటికీ దగ్గర ఎండకి పట్టి సూది మొనతో లెక్కపెట్టండి. నాకు ప్రతిసారీ సగంలోనే లెక్క తప్పుతుంది, మీవి కొత్త కళ్ళు. అడ్డంగా ఎన్ని, నిలువుగా ఎన్ని, రెండూ రాసి పంపండి.

మీ తాతయ్య