ఒప్పుకుంటే బతుకు, కాదంటే ఉరి

సేలం మంత్రగత్తెల విచారణల గురించి ఎక్కడ చదివినా కథ పిల్లలతోనే మొదలవుతుంది. 1692 జనవరిలో, అప్పటికి ఇంగ్లండ్ వలసగా ఉన్న మసాచుసెట్స్‌లో, సేలం గ్రామ పాస్టర్ శామ్యూల్ పారిస్ ఇంట్లో తొమ్మిదేళ్ల బెట్టీ, పదకొండేళ్ల అబిగైల్ ఉన్నట్టుండి మెలికలు తిరిగిపోవడం, కేకలు పెట్టడం, ఎవరో గిల్లుతున్నారని, సూదులతో పొడుస్తున్నారని ఏడవడం మొదలుపెట్టారు. కొద్ది రోజుల్లోనే ఊళ్లో ఇంకొందరు ఆడపిల్లలకూ అదే పట్టుకుంది. తమను బాధిస్తున్న మంత్రగత్తెలు వీళ్లేనంటూ పిల్లలు పేర్లు చెప్పారు, వాళ్లను కోర్టుకు లాగారు.

ఎందుకలా జరిగింది? రై ధాన్యానికి పట్టే ఎర్గాట్ అనే బూజు వల్ల భ్రమలు కలిగి ఉంటాయని 1976లో ఒక వాదన వచ్చింది, ఇప్పటికీ నెట్‌లో తిరుగుతూనే ఉంది. నాకైతే అది నిలబడేలా కనిపించదు. అదే రొట్టె తిన్న ఇంట్లోవాళ్లంతా బాగానే ఉండి, నిందితురాలు కోర్టులోకి రాగానే పిల్లలు మాత్రం పడిపోయి, ఆమె చెయ్యి తగలగానే లేచి కూర్చుంటే అదేం విషం? భయం, టెన్షన్ పేరుకుపోయిన చోట ఒకరిని చూసి ఇంకొకరికి నిజంగానే శరీరం అదుపు తప్పుతుంది. అన్నిసార్లూ నటనే కానక్కర్లేదు. ఆ పిల్లల్లో కొందరు ఉత్తర సరిహద్దులో ఫ్రెంచివాళ్లతో, స్థానిక తెగలతో జరిగిన యుద్ధంలో సొంతవాళ్లను పోగొట్టుకుని వచ్చినవాళ్లు కూడా.

కానీ మూర్ఛలు మనుషుల్ని ఉరి తీయవు కదా. 2011లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెరాయ్ అనే ఊళ్లో హైస్కూలు అమ్మాయిలకు ఒకరి తర్వాత ఒకరికి కుదుపులు, వింత అరుపులు మొదలయ్యాయి. డాక్టర్లు చూశారు, టీవీల్లో గొడవ జరిగింది, నెమ్మదిగా తగ్గింది, అంతే. మన పేపర్లలో చేతబడి, బాణామతి అనుమానంతో చంపేశారన్న వార్తలు ఇప్పటికీ వస్తాయి గానీ అక్కడ చంపేది జనం. సేలంలో చంపింది కోర్టు, అదీ చార్జిషీటు, జ్యూరీ, వారెంటు అన్నీ పద్ధతిగా పెట్టుకుని.

ప్రధాన న్యాయమూర్తి విలియం స్టౌటన్. ఆయన కోర్టులో "ఆమె ఆకారం రాత్రి నా మంచం దగ్గరకొచ్చి పీక నొక్కింది" అంటే అది సాక్ష్యం! ఆ రాత్రి నేను ఇంట్లోనే నిద్రపోయానని రుజువు చేసినా లాభం లేదు, ఎందుకంటే వచ్చింది మనిషి కాదు, ఆకారం. రెబెక్కా నర్స్ అనే 71 ఏళ్ల ముసలావిడను జ్యూరీ మొదట నిర్దోషి అంది. పిల్లలు గోల చేశారు, స్టౌటన్ మళ్లీ ఆలోచించుకోమన్నాడు. జ్యూరీ పెద్ద ఆమెను ఒక ప్రశ్న అడిగితే, చెవుడు వల్ల వినబడక ఊరుకుంది. దాన్నే నేరం ఒప్పుకున్నట్టు లెక్కేసి దోషి అన్నారు, జూలై 19న ఉరి తీశారు.

అసలు మెలిక ఇంకోటి ఉంది. మంత్రగత్తెనని ఒప్పుకుని, తోడున్నవాళ్ల పేర్లు చెప్పినవాళ్లను ఉరి తీయకుండా పక్కన పెట్టేవారు. కాదన్నవాళ్లకే ఉరి. ఇక ఎవరు కాదంటారు? దాదాపు 50 మంది ఒప్పుకున్నారు, ఒక్కొక్కరూ ఇంకో నలుగురి పేర్లు చెప్పారు, ఆ నలుగురూ మళ్లీ అదే లెక్క. అలా ఒప్పుకున్న, దగ్గర్లోని ఆండోవర్ అనే ఊరి ఆడవాళ్లు తర్వాత రాసిచ్చిన మాటలు చదివితే గుండె బరువెక్కుతుంది. మీరు మంత్రగత్తెలని మాకు తెలుసు, మీకూ తెలుసు, మీకు తెలుసన్న సంగతీ మాకు తెలుసు అని పెద్దమనుషులు పదేపదే అంటుంటే, చివరికి నిజమేనేమో అని మాకే అనిపించింది అన్నారు వాళ్లు. శామ్యూల్ వార్డ్‌వెల్ ముందు ఒప్పుకుని, మనసు ఒప్పక మాట వెనక్కి తీసుకున్నాడు. సెప్టెంబర్ 22న ఉరి తీశారు.

మొత్తం 19 మందిని ఉరి తీశాక, గవర్నర్ భార్య మీద కూడా గుసగుసలు మొదలయ్యాక, అక్టోబర్‌లో గవర్నర్ విలియం ఫిప్స్ ఆ కోర్టును ఎత్తేశాడు. 1693 జనవరిలో కూర్చున్న కొత్త కోర్టులోనూ స్టౌటనే పెద్ద, నిందలూ అవే. ఒక్క ఆకారాల సాక్ష్యం మాత్రం చెల్లదన్నారు. అంతే, దోషులుగా తేలింది ముగ్గురు. వాళ్లకూ, అంతకుముందే శిక్ష పడి మిగిలినవాళ్లకూ స్టౌటన్ ఉరి వారెంట్లు రాస్తే ఫిప్స్ ఆపేశాడు. స్టౌటన్ కోపంతో కోర్టులోంచి లేచి వెళ్లిపోయాడు. రెండేళ్లు తిరక్కుండానే, ఫిప్స్ లండన్ వెళ్లినప్పుడు, ఆ వలసకు తాత్కాలిక గవర్నర్ అయింది ఆయనే.