పెట్టెలు నాలుగు, బుర్ర ఒకటే: స్టాక్ స్విచ్‌లపై అపోహలు - వాస్తవాలు

ఒకదానిమీద ఒకటి బిగించిన నెట్‌వర్క్ స్విచ్‌లను (ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ కేబుళ్లతో కలిపే పెట్టెలను) వెనకవైపు స్టాక్ కేబుళ్లతో కలిపితే అవన్నీ ఒకే ఐపీ అడ్రస్, ఒకే కాన్ఫిగరేషన్ ఉన్న ఒక పెద్ద స్విచ్ అయిపోతాయి, దాన్నే స్టాక్ అంటారు. ఈ పనిలోని సౌకర్యమంతా అందులోనే ఉంది, ప్రమాదమూ అందులోనే ఉంది. నా అనుభవం ఎక్కువగా సిస్కో క్యాటలిస్ట్ స్టాక్‌లతో కాబట్టి ఇక్కడి అంకెలు వాటివే. ఇతర కంపెనీల స్విచ్‌లలో పేర్లు, అంకెలు మారతాయి.

అపోహ: స్టాక్ పెట్టాం, ఇక నెట్‌వర్క్ ఆగదు.

స్టాక్‌ను నడిపించే యాక్టివ్ స్విచ్ (దీన్నే మాస్టర్ అనీ అంటారు) పడిపోతే, సిద్ధంగా ఉన్న స్టాండ్‌బై స్విచ్ పగ్గాలు అందుకుంటుంది, అంతవరకు నిజమే. కానీ పడిపోయిన స్విచ్‌కు తగిలించిన కంప్యూటర్ల గతి ఏమిటి? వాటిని ఎవరూ అందుకోరు. స్టాక్ నుంచి ప్రధాన నెట్‌వర్క్‌కు వెళ్లే రెండు కేబుళ్లూ, అంటే అప్‌లింకులూ, ఆ ఒక్క స్విచ్‌లోనే ఉంటే మిగిలినవి బతికి ఉండీ దండగే. అందుకే అప్‌లింకులను రెండు వేర్వేరు సభ్య స్విచ్‌లకు పంచి ఒకే ఈథర్‌చానల్‌గా, అంటే రెండూ కలిసి ఒకే లింకులా పనిచేసేలా, కట్టాలి. ఇక సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చేస్తే మామూలుగా స్టాక్ మొత్తం ఒకేసారి రీబూట్ అవుతుంది. అంతరాయం అసలే కుదరని చోట నేను స్టాక్ పెట్టను. రెండు స్విచ్‌లు ఎవరి బుర్రతో అవి నడిచే ఎంలాగ్ పద్ధతి అక్కడ మేలు.

అపోహ: కొత్త స్విచ్‌ను నడుస్తున్న స్టాక్‌కు ఎప్పుడైనా తగిలించవచ్చు.

తగిలించవచ్చు, కొత్తదానికి కరెంటు లేనప్పుడు. ఈ పాఠం నాకు ఊరికే రాలేదు.

ఐదు స్విచ్‌ల స్టాక్‌లో మూడోది పోయింది. దాని స్థానంలోకి వేరేచోట వాడి పక్కన పెట్టిన ఒక స్విచ్‌ను తెచ్చాను. పాత కాన్ఫిగరేషన్ చెరిపేశాను, ఇక శుభ్రంగా ఉందనుకున్నాను. ర్యాక్‌లో బిగించి, పవర్ ఇచ్చి, అది పూర్తిగా లేచాక స్టాక్ కేబుళ్లు గుచ్చాను. రెండో కేబుల్ మర ఇంకా తిప్పుతూనే ఉన్నాను, మిగతా నాలుగు స్విచ్‌ల ఫ్యాన్లు ఒక్కసారిగా హోరెత్తాయి. నాలుగూ రీబూట్ అవుతున్నాయి.

జరిగింది ఇది. ఒంటరిగా లేచిన స్విచ్ తనకు తాను మాస్టర్. రెండు స్టాక్‌లు కలిసినప్పుడు మాస్టర్లిద్దరి మధ్య పోటీ జరుగుతుంది, ఓడిన పక్షం రీబూట్ అయి గెలిచినదాని కింద చేరుతుంది. పోటీలో ప్రయారిటీదే, అంటే ప్రతి స్విచ్‌కూ ఇచ్చే ప్రాధాన్య అంకెదే, పైచేయి; పెద్ద అంకె గెలుస్తుంది. అది 1 నుంచి 15 వరకు ఉంటుంది, మార్చకపోతే 1. నేను తెచ్చినదానిలో అది 15. కాన్ఫిగరేషన్ చెరిపేసినా ప్రయారిటీ, స్విచ్ నంబరు చెరగవు, ఎందుకంటే అవి కాన్ఫిగరేషన్ ఫైలులో ఉండవు. ఖాళీ బుర్రతో వచ్చినది రాజయింది, నాలుగు స్విచ్‌లూ దాని ఖాళీ కాన్ఫిగరేషన్‌తోనే లేచాయి. బ్యాకప్ ఫైలు బయట ఉండబట్టి బతికిపోయాను.

ఇప్పుడు కొత్తదాన్ని ముందు విడిగా లేపి ప్రయారిటీ 1కి దించుతాను, సాఫ్ట్‌వేర్ వెర్షన్ స్టాక్‌తో సరిచూస్తాను. ఆపేసి, కేబుళ్లు గుచ్చి, చివరిగా పవర్ ఇస్తాను.

అపోహ: ప్రయారిటీ పెంచగానే ఆ స్విచ్ మాస్టర్ అవుతుంది.

కాదు. ఉన్న మాస్టర్ పనిచేస్తున్నంతకాలం అదే స్టాక్‌లోని మరో స్విచ్ ఏదీ దాన్ని దించదు. మార్పు మాస్టర్‌ను ఎంచుకునే తర్వాతి ఎన్నికలోనే కనిపిస్తుంది.

అపోహ: స్విచ్‌లు మాట్లాడుకుంటున్నాయి, కాబట్టి స్టాక్ కేబుళ్లు బాగున్నట్టే.

ఇది అన్నిటికంటే చాపకింద నీరు. కేబుళ్లు ఒక వలయంగా ఉండాలి, అంటే అట్టడుగు స్విచ్ నుంచి పై స్విచ్‌కు తిరిగి రావాలి. వలయంలో ఒక కేబుల్ ఊడితే స్టాక్ వేగం సగానికి పడుతుంది. క్యాటలిస్ట్ 9300 మోడల్‌లో సెకనుకు 480 గిగాబిట్లు 240 అవుతాయి, అంతే. ఎవరూ ఫిర్యాదు చేయరు, నెలల తరబడి అలాగే నడుస్తుంది. రెండోచోట కూడా తెగిన రోజు స్టాక్ రెండు ముక్కలవుతుంది. రెండు ముక్కలదీ ఒకే ఐపీ అడ్రస్, ఒకే కాన్ఫిగరేషన్. అసలు లోపం ఎక్కడుందో తేలేలోపు సగం రోజు పోతుంది. కాబట్టి 'షో స్విచ్ స్టాక్-పోర్ట్స్' కమాండ్ అప్పుడప్పుడు కొట్టి చూడండి, ప్రతి వరుసలో రెండు పోర్టులూ ఓకే అనాలి. కేబుల్ మరలు బిగించకుండా వదిలేసేవారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అపోహ: పైనుంచి లెక్కపెడితే మూడోది, మూడో నంబరు స్విచ్.

ర్యాక్‌లోని వరుసతో సభ్యుల నంబర్లకు సంబంధం లేదు. మోడ్ బటన్ నొక్కుతూ స్టాక్ లైటు దగ్గర ఆగండి. ముందు పోర్టు లైట్లలో ఏ అంకె దగ్గర ఆకుపచ్చ మిణుకుమిణుకుమంటుందో అదే ఆ పెట్టె నంబరు. అది చూసుకున్నాకే పవర్ తీగ మీద చెయ్యి వేయండి.