పులికాట్ కోసం అర్జీ పెడుతున్నారా? అపోహలు - వాస్తవాలు

తిరుపతి జిల్లాలో తడ నుంచి వాకాడు దాకా మత్స్యకారులతో కూర్చుని, పులికాట్ సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారంలో పూడిక తీయాలని అర్జీలు రాయడం నా పని. ఎక్కడికి వెళ్లినా వినబడే మాటలివి.

అపోహ: ముఖద్వారంలో పూడిక ఒక్కసారి తీయిస్తే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. రాయదొరువు ముఖద్వారం దగ్గర తీసిన ఇసుకను అలలు, తీరం వెంబడి సాగే ప్రవాహం మళ్లీ తెచ్చి మేట వేస్తాయి. పోటుకు లోపలికొచ్చిన నీరు పాటుకు వేగంగా బయటికి పోతుంటేనే దారి నిలుస్తుంది. అది మూసుకుపోతే వేసవిలో సరస్సు ఎండి, మిగిలిన నీటిలో ఉప్పు సముద్రాన్ని మించిపోతుంది. సముద్రం నుంచి రొయ్య పిల్ల లోపలికి రాదు, వల ఖాళీ. అందుకే ‘పూడిక తీయండి’ అని రాసి ఆపొద్దు. ఏటా కొలతలు ఎవరు తీస్తారు, నిర్వహణ నిధి ఏ పద్దులో పెడతారు అని కూడా రాయండి. ఒడిశాలో చిలికాకు 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తెరిచారు. చిత్తడి నేలల రక్షణకు ఉన్న అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందపు ముప్పు జాబితా నుంచి 2002లో ఆ సరస్సు బయటపడింది. అయితే దాని బాగోగులకు ప్రత్యేక ప్రాధికార సంస్థ అంతకు చాలా ఏళ్ల ముందే ఏర్పాటైంది. మనం గట్టిగా అడగాల్సింది అలాంటి సంస్థనే. సరస్సు రెండు రాష్ట్రాలది కాబట్టి తమిళనాడునూ అందులో కలపాలి.

అపోహ: పక్షుల అభయారణ్యం కదా, గంప మట్టి కూడా తీయనివ్వరు.

వాస్తవం: అనుమతి కష్టమే, కానీ దారి ఉంది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలో నీటి ప్రవాహాన్ని మార్చే పని వన్యప్రాణుల మేలుకేనని తేలాలి, ఫైలు వన్యప్రాణి బోర్డు ముందుకు వెళ్లాలి. తీర నియంత్రణ నిబంధనలు కూడా ఇసుక మేటల నివారణ పనులను పూర్తిగా నిషేధించలేదు. కాబట్టి అర్జీలో వలతో పాటు ఫ్లెమింగోలనూ ప్రస్తావించండి. అటవీ అధికారులను చివర్లో కాదు, మొదటే కలవండి.

అపోహ: ఎమ్మెల్యేకి చెప్పాం, ఇక ఆయనే చూసుకుంటారు.

వాస్తవం: నోటిమాట ఫైలు కాదు. ముందు గ్రామసభ తీర్మానం, దాని నకలుతో కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ, రసీదు. స్పందన లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు. జవాబుకు గడువు 30 రోజులు. ఆ కాగితాలు చేతిలో ఉంటే ఎమ్మెల్యే అసెంబ్లీలో ప్రశ్న వేయగలరు, ఎంపీ ఢిల్లీలో పర్యావరణ శాఖను అడగగలరు.

అపోహ: ఇది మత్స్యకారుల గొడవ.

వాస్తవం: పిచ్చాటూరు మీదుగా వెళ్లే ఆరణి, సూళ్లూరుపేట మీదుగా వచ్చే కాళంగి చేరేది ఈ సరస్సుకే. పైన నదిలో మురుగు కలిపినా, నీటిని ఆపేసినా ఆ దెబ్బ కింద పడవ మీద పడుతుంది. ఆ పై ఊళ్ల గ్రామసభల్లోనూ తీర్మానం చేయించండి.