చికిత్సకు అప్పు, కాగితానికి తిరుగుడు: దక్షిణ తెలంగాణ ట్రాన్స్‌జెండర్ల వందేళ్ల నేపథ్యం

తెలంగాణలో ఉపాధి హామీ కూలీ 2025-26లో రోజుకు 307 రూపాయలు. దేవరకొండ పక్క తండాలోనో, అచ్చంపేట దగ్గరి పల్లెలోనో ఒక ఇంటికి వంద రోజుల పని పూర్తిగా దొరికిందనుకున్నా ఏడాదికి చేతికందేది 30,700 రూపాయలు. లింగ మార్పిడి శస్త్రచికిత్సకు కేరళ ప్రభుత్వం ట్రాన్స్ మహిళలకు (మగపిల్లాడిగా పెరిగి ఆడవారిగా బతికేవారికి) రెండున్నర లక్షల దాకా, ట్రాన్స్ పురుషులకు (ఆడపిల్లగా పెరిగి మగవారిగా బతికేవారికి) ఐదు లక్షల దాకా సాయం చేసే పథకం పెట్టింది. ఖర్చు ఏ స్థాయిలో ఉంటుందో ఒక ప్రభుత్వమే లెక్కగట్టి ఒప్పుకున్న అంకెలివి. పాలమూరు కూలీ లెక్కలో చూస్తే ఒకటి ఎనిమిదేళ్ల సంపాదన, ఇంకొకటి పదహారేళ్ల సంపాదన. అదీ తిండికి ఒక్క పైసా వాడకుండా దాచుకుంటే.

మరి ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? హిజ్రా ఇంటి పెద్దగా ఉండే గురువు ఇచ్చిన అప్పు, నూటికి మూడు రూపాయలకో ఐదు రూపాయలకో తెచ్చిన వడ్డీ సొమ్ము, ముందుగా పాడుకున్న చిట్టీ, టోల్‌గేట్ దగ్గర ఆగిన కారు అద్దం ముందు చాచిన చెయ్యి. విజయవాడ రహదారి మీద కొర్లపహాడ్ దగ్గరైనా, బెంగళూరు రహదారి మీద రాయికల్ దగ్గరైనా, అక్కడ నిలబడ్డవాళ్లను చూసి విసుక్కునే ప్రయాణికులకు ఈ అప్పుల సంగతి తెలియదు. ఇది వాళ్లు ముచ్చటపడి ఎంచుకున్న బతుకు కాదు. ఈ ఖర్చు తమది కాదని ప్రభుత్వాలు వందేళ్లుగా చేతులు దులుపుకొంటూ వచ్చిన ఫలితం.

నేరంగా మొదలైంది

నల్గొండ, మహబూబ్‌నగర్ రెండూ నిజాం రాజ్యంలోని జిల్లాలు. 1329 ఫస్లీలో, అంటే 1919లో, హైదరాబాద్ రాజ్యం నపుంసకుల చట్టం తెచ్చింది. బ్రిటిష్ ఇండియాలో 1871 నాటి నేరస్థ జాతుల చట్టం రెండో భాగంలో ఉన్న నిబంధనల లాంటివే ఇందులోనూ ఉన్నాయి. హైదరాబాద్ నగరంలోనూ, ప్రభుత్వం పేర్కొన్న ఇతర ప్రాంతాల్లోనూ ఉండే హిజ్రాల పేర్లతో రిజిస్టరు పెట్టాలి. ఆ రిజిస్టరులోకి ఎక్కినవారు ఆడవాళ్ల బట్టలు కట్టుకునో నగలు పెట్టుకునో వీధిలో కనబడితే, పాట పాడినా ఆట ఆడినా, వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు.

చికిత్స ఖర్చు సంగతికి వస్తే, అదే చట్టంలోని మరో సెక్షన్ ఇంకా ముఖ్యమైనది. తనకు తానుగానీ, ఇష్టపడి వచ్చిన మరొకరికిగానీ పురుషాంగాలు తొలగించినవారికి, అందుకు సాయపడినవారికి ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. సమ్మతి ఉన్నా లేకపోయినా నేరమే. దీనికి తోడు 1860 నాటి భారత శిక్షాస్మృతి 320వ సెక్షన్‌లో తీవ్రమైన గాయాల జాబితా మొదలయ్యేదే నపుంసకత్వం కలిగించడంతో. ఏ డాక్టరు ముందుకొస్తాడు?

నిజాం పాలన పోయింది, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మళ్లీ విడిపోయింది. ఈ చట్టం మాత్రం ‘తెలంగాణ ప్రాంత’ చట్టమనే పేరుతో చట్టాల పుస్తకంలో అలాగే ఉండిపోయింది. ట్రాన్స్‌జెండర్ కార్యకర్త వైజయంతి వసంత మోగ్లి, మరికొందరు వేసిన పిటిషన్ల మీద హైకోర్టు 2018లో దాని అమలును నిలిపివేసింది. 2023 జూలైలో ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి ధర్మాసనం రాజ్యాంగంలోని 14, 21 అధికరణలకు విరుద్ధమని చెప్పి కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను వర్తింపజేయాలని కూడా ఆ తీర్పులోనే ఆదేశించింది. చట్టం పుట్టి అప్పటికి 104 ఏళ్లు.

దాయమ్మ గది

శిక్షకు భయపడి ఎవరూ తన దేహం మీది ఆరాటాన్ని వదులుకోలేదు. పని చాటుకు పోయింది, అంతే. హిజ్రాల ఇళ్లలో నిర్వాణం, అంటే పురుషాంగాలు తొలగించే తంతు, చేసే పెద్దమ్మను దాయమ్మ అంటారు. మత్తు ఉండదు, కుట్లు ఉండవు. కాసేపు రక్తాన్ని ధారగా పోనివ్వడం ఆచారం, ఆ రక్తంతో మగతనం పోతుందని నమ్మకం. గాయం మీద కాచిన నూనె. ఆపైన నలభై రోజులు గది దాటకూడదు, అద్దంలో ముఖం చూసుకోకూడదు. నలభయ్యో రోజున పసుపు రాసి, తలంటు పోసి, కొత్త చీర కట్టి పెళ్లికూతురిలా ముస్తాబు చేస్తారు. ఆ రోజు దాకా బతకనివాళ్లు ఎందరో ఏ రిజిస్టరులోనూ లేదు. వీధిలో చీర కట్టినవాళ్ల లెక్క రాసుకున్న ప్రభుత్వానికి చనిపోయినవాళ్ల లెక్క అక్కర్లేకపోయింది.

ఆ నలభై రోజుల తిండి, చీర, దాయమ్మకు ఇచ్చేది, వేడుక ఖర్చు అన్నీ గురువు భరించేది. చేలా, అంటే ఆ గురువు శిష్యురాలు, దాన్ని సంపాదించి తీర్చాలి. ఇంట్లోంచి తరిమేసిన పదహారేళ్ల పిల్లకు నీడ, పేరు, బంధుత్వం ఇచ్చింది ఆ గురువే. కాబట్టి ఈ అప్పును ఉత్త దోపిడీగా చూడటం నాకు న్యాయంగా తోచదు. అయితే తీర్చేదాకా ఆ ఇల్లు దాటలేని చేలాలు, అసలు ఎంతో వడ్డీ ఎంతో తెలియకుండానే ఏళ్ల తరబడి కట్టినవాళ్లు ఉన్నారన్నదీ నిజం. బ్యాంకు గుమ్మం ఎక్కనివ్వనప్పుడు, కన్నవాళ్లు చేతులెత్తేసినప్పుడు అప్పు ఎక్కడ పుడితే అక్కడికే వెళతారు.

తర్వాతి కాలంలో దాయమ్మ స్థానంలోకి పట్టణాల్లోని కొన్ని ప్రైవేటు నర్సింగ్ హోములు వచ్చాయి. మత్తు ఇస్తారు, కుట్లు వేస్తారు. కేస్ షీటు ఉండదు, రసీదు ఉండదు. సాయంత్రానికే పంపించేస్తారు. ఆ ఖర్చూ పెట్టలేనివాళ్లు ఇంకా కిందికి దిగారు. 2023 ఫిబ్రవరిలో నెల్లూరులో ఒక లాడ్జి గదిలో బీ ఫార్మసీ విద్యార్థులు ఈ ఆపరేషన్ చేయబోతే ఒక యువప్రాణం పోయింది. సుప్రీంకోర్టు హక్కులు ప్రకటించి తొమ్మిదేళ్లు కావస్తున్నప్పటి మాట ఇది.

హెచ్ఐవీ డబ్బు

ప్రభుత్వ ఆరోగ్య శాఖ వీరిని మొదటిసారి పలకరించింది హెచ్ఐవీ కార్యక్రమంలో. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 2007 నాటి మూడో దశకు వచ్చేసరికి జిల్లాల్లో స్వచ్ఛంద సంస్థల ద్వారా కండోములు, పరీక్షలు, మందులు అందాయి. ఎందరో ప్రాణాలు నిలబడ్డాయి, కాదనలేం. కానీ ఆ డబ్బు వైరస్ కోసం వచ్చిన డబ్బు. హార్మోన్ల గురించి అడిగితే ఆ కార్యక్రమంలో జవాబు లేదు.

అదే 2007లో ఇంకొకటి జరిగింది, అదీ పాలమూరులోనే. ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మూడు జిల్లాల్లో మొదలైతే వాటిలో మహబూబ్‌నగర్ ఒకటి. తర్వాతి విడతలో నల్గొండకూ వచ్చింది. గుండె ఆపరేషన్‌కు భూమి అమ్ముకునే కుటుంబాలకు అది నిజంగా పెద్ద అండ. పేదవాడి శస్త్రచికిత్స ఖర్చు ప్రభుత్వం భరించగలదని ఈ నేల మీదే రుజువైంది. అయితే దాని తలుపు తెల్ల రేషన్ కార్డు. రేషన్ కార్డు అంటే కుటుంబం. ఇంటి నుంచి వెళ్లగొట్టినవారి పేరు కార్డులోంచి ఎప్పుడో తీసేసి ఉంటారు, లేదా తండ్రి పెట్టిన పాత పేరుతో, కొడుకు అనే వరుసతో ఉంటుంది. 2023 డిసెంబరు 9న ఆరోగ్యశ్రీ పరిమితిని పది లక్షలకు పెంచారు. కార్డే లేనివారికి రెండు లక్షలైనా పది లక్షలైనా ఒకటే.

పక్క రాష్ట్రాలను చూస్తే బాధ ఎక్కువవుతుంది. తమిళనాడు 2008లోనే సంక్షేమ బోర్డు పెట్టి, చెన్నై ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా శస్త్రచికిత్స చేయడం మొదలుపెట్టింది. కేరళ 2015లో విధానం ప్రకటించి తర్వాత డబ్బు సాయానికి దిగింది. శస్త్రచికిత్స అయ్యాక ఏడాది పాటు నెలకు మూడు వేలు ఇచ్చే ఏర్పాటూ చేసింది. ఆ మూడు వేల విలువ కూలికి పోయేవాళ్లకే తెలుస్తుంది. మంచం దిగలేని నెలల్లో అద్దె ఎవరు కడతారు?

హక్కు వచ్చాక

2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద నడిచిన నల్సా కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె. సిక్రి తీర్పు చెప్పారు. తానెవరో చెప్పుకునే హక్కు మనిషిదేనని, అందుకు ఆపరేషన్ షరతు పెట్టడం చట్టవిరుద్ధమని అన్నారు. ఆ తర్వాత వచ్చిన 2019 నాటి ట్రాన్స్‌జెండర్ల హక్కుల పరిరక్షణ చట్టం 2020 జనవరి 10న అమలులోకి వచ్చింది. దాని 15వ సెక్షన్ శస్త్రచికిత్స, హార్మోన్ చికిత్స, లేజర్ చికిత్స ఖర్చులకు బీమా ఏర్పాటు చేయాల్సిన బాధ్యత ప్రభుత్వాలదే అంటుంది. ఈ ఖర్చు ప్రభుత్వానిదని ఒక చట్టం అక్షరాలా రాసింది అప్పుడే.

2022 ఆగస్టు 24న కేంద్ర సామాజిక న్యాయ శాఖ, జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ ఒప్పందం చేసుకున్నాయి. ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ పేరుతో ఒక్కొక్కరికి ఏడాదికి ఐదు లక్షల రూపాయల కవరేజీ. ఇక్కడ లెక్క కుటుంబానికి కాదు, మనిషికి. అందుకే రేషన్ కార్డు అడ్డు ఉండదు. దాని స్థానంలో జాతీయ పోర్టల్ ద్వారా జిల్లా కలెక్టర్ ఇచ్చే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం కావాలి.

2020 నాటి నిబంధనల్లో ఈ పత్రానికి వైద్య పరీక్ష పెట్టలేదు, ముప్పై రోజుల్లో ఇవ్వాలన్నారు. వినడానికి సులువే. చేతిలో పట్టుకుని చూస్తే తెలుస్తుంది. నోటరీ చేసిన అఫిడవిట్ కావాలి. ఆధార్ ఉండాలి. ఆధార్‌కు కలిపిన ఫోను నంబరు ఏళ్ల క్రితం వదిలేసిన ఇంట్లో అన్నయ్య దగ్గర ఉంటుంది. పదో తరగతి మెమో తల్లి పెట్టెలో ఉంటుంది, తెచ్చుకోవడానికి ఊళ్లోకి వెళితే కొట్టి పంపుతారు. మీసేవలో దరఖాస్తు నింపే కుర్రాడికి ఈ పోర్టల్ సంగతి తెలియకపోవచ్చు. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోవడం ఈ విషయంలో మేలే చేసింది. అలంపురం మనిషి మహబూబ్‌నగర్ దాకా పోనక్కర్లేదు, గద్వాల కలెక్టరేట్ చాలు. కోదాడ మనిషికి సూర్యాపేట చాలు. 2011 జనాభా లెక్కల్లో స్త్రీ, పురుష గడుల్లో కాకుండా ‘ఇతరులు’ గడిలో దేశమంతటా నమోదైనవారు 4,87,803 మంది. పత్రం చేతికొచ్చినవారు అందులో చిన్న భాగమే.

పత్రం వచ్చినా పథకంలో చేరిన ఆసుపత్రి, ఈ శస్త్రచికిత్స చేయగల సర్జన్ ఉన్న ఆసుపత్రి ఒకటే అయి ఉండాలి. పైగా ఇతర ప్రభుత్వ పథకాల్లో ఇలాంటి లబ్ధి పొందేవారికి ఇది వర్తించదన్న షరతు ఉంది.

నెల నెలా మాత్రలు

అందరికీ శస్త్రచికిత్స అక్కర్లేదు. హార్మోన్లు మాత్రం ఒకసారి మొదలుపెడితే ఏళ్ల తరబడి వాడాలి, నెల నెలా కొనాలి. బీమా పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన చికిత్స చుట్టూ అల్లినవి కాబట్టి మందుల దుకాణంలో కట్టే డబ్బు జేబులోంచే పోతుంది. స్త్రీ హార్మోన్ అయిన ఈస్ట్రడయాల్ మాత్రలు, పురుష హార్మోన్ టెస్టోస్టిరాన్‌ను అణిచే స్పైరనోలాక్టోన్ మాత్రలు, వాటితో పాటు కాలేయం, పొటాషియం, హార్మోన్ స్థాయిల రక్త పరీక్షలు. డబ్బు చాలనప్పుడు మొదట ఆగిపోయేవి పరీక్షలు. ఆ తర్వాత సరైన మాత్రలు ఆగిపోయి చవకైన గర్భనిరోధక మాత్రలు వస్తాయి. మాలా-డి లాంటి మాత్రల్లో ఉండే ఇథినైల్ ఈస్ట్రడయాల్ కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచుతుంది. అందుకే అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు ఈ చికిత్సకు దాన్ని వాడవద్దంటాయి. స్నేహితురాలు చెప్పిందని రోజుకు మూడు నాలుగు మింగేవాళ్లకు ఆ మాట చెప్పే డాక్టరు ఉండాలి.

అలాంటి చోటు ఒకటి 2021లో హైదరాబాద్ నారాయణగూడలో తెరుచుకుంది. మిత్ర్ క్లినిక్‌లో ట్రాన్స్‌జెండర్లే సిబ్బంది. హార్మోన్ల సలహా, మానసిక వైద్యం, హెచ్ఐవీ చికిత్స ఒకే కప్పు కింద దొరికాయి. నడిచింది అమెరికా సాయంతో. 2025 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం విదేశీ సాయం ఆపగానే మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ అండతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరిచారు. వాషింగ్టన్‌లో ఒక సంతకం పడితే మిర్యాలగూడలో ఒకరి మాత్ర ఆగిపోయే పరిస్థితి ఎందుకు వచ్చింది? మన ప్రభుత్వం తన డబ్బు పెట్టనందుకే. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం 33 జిల్లాలకూ ట్రాన్స్‌జెండర్ క్లినిక్‌లు ప్రారంభించింది. అడుగు సరైనదే. హార్మోన్ మాత్రలు అక్కడే ఉచితంగా చేతిలో పెడితేనే అది క్లినిక్ అవుతుంది.

2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలతో పాటు ట్రాన్స్‌జెండర్లకూ ప్రయాణం ఉచితం. హైదరాబాద్ డాక్టరు దగ్గరికి పోయి వచ్చే చార్జీలు మిగిలాయి. ఆధార్‌లో పురుషుడని ఉన్నవారు జీరో టికెట్ అడిగితే మాత్రం బస్సంతా వినేలా వాదన మొదలవుతుంది. అది పడలేక టికెట్ కొనేస్తారు.

ట్రాన్స్ పురుషుల గురించి ఇంత వరకూ ఎక్కువ చెప్పలేదు, ఎందుకంటే చరిత్రలో వారికి చోటే లేదు. హిజ్రా ఇల్లు లేదు, గురువు లేడు, అప్పు ఇచ్చే జమాత్, అంటే హిజ్రాల సంఘం లాంటిది, లేదు. ఆడపిల్లగా పెరిగినవారికి ఇల్లు దాటడమే కష్టం, దాటితే వెతికి తెచ్చి పెళ్లి చేస్తారు. ఛాతీ శస్త్రచికిత్సకు కూడబెట్టాలంటే హైదరాబాద్‌లో డెలివరీ పనో, సెక్యూరిటీ ఉద్యోగమో. బిగుతుగా కట్టిన గుడ్డ కింద ఊపిరాడకుండా పన్నెండు గంటలు పని. కేరళ వీరికి సాయం రెట్టింపు పెట్టడానికి కారణం ఉంది. వీరి చికిత్స ఎక్కువ దశల్లో జరుగుతుంది, ఎక్కువ ఖర్చవుతుంది.

ఇంకొక బృందం ఏ పథకానికీ అందకుండా ఉండిపోయింది. దాయమ్మ చేతిలోనో రసీదు లేని నర్సింగ్ హోములోనో పని ముగించుకున్నవారు. 2019 చట్టం 7వ సెక్షన్ కింద పత్రంలో స్త్రీ లేదా పురుషుడు అని మార్చుకోవాలంటే శస్త్రచికిత్స చేసిన ఆసుపత్రి సూపరింటెండెంటో ముఖ్య వైద్యాధికారో ధ్రువీకరించాలి. వీరికి ఎవరు ధ్రువీకరిస్తారు? వీరిలో చాలామందికి మూత్రమార్గం సన్నబడి మళ్లీ చికిత్స అవసరమవుతుంది. మహబూబ్‌నగర్, నల్గొండ, సూర్యాపేటల్లో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడి డాక్టర్లు పరీక్షించి పత్రం ఇవ్వవచ్చని, మిగిలిన చికిత్స ఆరోగ్యశ్రీలో రేషన్ కార్డు అడగకుండా చేయాలని ఒక ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. ఆ ఉత్తర్వు వచ్చేదాకా వీరు పాత ఆపరేషన్ అప్పు కడుతూనే కొత్త ఆపరేషన్‌కు మళ్లీ అప్పు వెతుక్కుంటారు.