డిటెక్టివ్ నవలకు అల్మారాలో చోటెందుకు లేదు?

హనుమకొండ గ్రంథాలయాల్లో పొద్దున్నే వెళ్తే తప్ప కుర్చీ దొరకదు. అక్కడ కూర్చునేది ఎక్కువగా గ్రూప్స్‌కో, కానిస్టేబుల్ ఉద్యోగానికో ప్రిపేరయ్యే పిల్లలే. సరదాగా ఓ డిటెక్టివ్ కథో, సూపర్‌హీరో కథో చదువుకుందామని వచ్చేవాళ్లు అరుదు. ఫోన్ల వల్లే ఇలా అయిందంటారు గానీ, ఈ కథ ఫోన్ల కన్నా చాలా పాతది.

నిజాం కాలంలో బడి ఉర్దూ, సర్కారు కచేరీ ఉర్దూ. తెలుగు చదవడమే ఒక పోరాటం. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం వెలిశాయి. 1922లో ఇనుగుర్తి అనే పల్లె నుంచి ఒద్దిరాజు సోదరులు ‘తెనుగు’ పత్రిక తెచ్చారు. సభ పెట్టాలన్నా సర్కారు అనుమతి కావాల్సిన రోజుల్లో గ్రంథాలయమే జనం కూడే చోటైంది. వాళ్ల రుణం మనం తీర్చుకోలేం. కానీ చదువంటే భాషకూ, సమాజానికీ చేసే సేవ అన్న భావం అక్కడే గట్టిపడింది. కాలక్షేపానికి చదివే పుస్తకం గుమ్మం బయటే ఉండిపోయింది.

బయట మాత్రం అది బాగానే బతికింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెంగాలీ అపరాధ పరిశోధన నవలలు తెలుగులోకి వచ్చాయి. తర్వాత కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌నీ, అసిస్టెంట్ రాజునీ ఇంటింటికీ పరిచయం చేశారు. ఆ పైన మధుబాబు గూఢచారి ‘షాడో’ వచ్చాడు. కాజీపేట రైల్వే జంక్షన్ ఉన్న, ఒకప్పుడు ఆజంజాహి బట్టల మిల్లు నడిచిన ఊరు మనది. షిఫ్టు దిగిన మనిషి చేతికి ఇమిడేది పాకెట్ బుక్కే.

వాటిని కొనేవాళ్లు తక్కువ, అద్దెకు తెచ్చుకునేవాళ్లు ఎక్కువ. అద్దె షాపులో ప్రతి పుస్తకమూ దాదాపు ఒకేలా ఉండేది: తాడుతో కుట్టిన బైండు, ఖాకీ అట్ట, దాని మీద స్కెచ్ పెన్నుతో నంబరు. లోపల చివరి పేజీ చిరిగిపోయి ఉండేది. అంతకన్నా ఘోరం, ఎవడో మొదటి పేజీలోనే హంతకుడి పేరు రాసిపెట్టేవాడు. అయినా జనం చదివేవాళ్లు. పాఠ్యపుస్తకంలో దాచి చదివే పిల్లలకు ఇంట్లో దెబ్బలు పడేవి. నా దృష్టిలో తెలుగు గబగబా చదవడం ఒక తరానికి నేర్పింది ఈ పుస్తకాలే. ఆ గౌరవం వాటికి ఎవరూ ఇవ్వలేదు.

సూపర్‌హీరోది కూడా ఇదే వీధి. అమెరికాలో 1938లో సూపర్‌మాన్ వచ్చాడు. మరుసటి ఏడాది బ్యాట్‌మన్ పుట్టింది డిటెక్టివ్ కథల పత్రికలోనే, అదీ ఆరు పేజీల చిన్న కథగా. మన పిల్లలకు ఆ అద్భుతం ‘చందమామ’ సీరియళ్లలో దొరికేది. రాక్షసులూ మాంత్రికులూ, వాళ్లను ఎదిరించే మామూలు యువకులూ. 1997లో దూరదర్శన్‌లో ‘శక్తిమాన్’ మొదలయ్యాక సూపర్‌హీరో చదివేవాడు కాక చూసేవాడయ్యాడు. అప్పటికే కేబుల్ టీవీ ఊరూరా పాకుతోంది. అద్దె షాపులు ఒక్కొక్కటే జెరాక్స్ సెంటర్లూ, సెల్ రిపేరు షాపులూ అయ్యాయి.

దాంతో అద్దె షాపు పోయింది, గ్రంథాలయం ఆ పని అందుకోలేదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం మన ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం. అది పోటీ పరీక్షల గైడ్లకు వాడడం తప్పు కాదు, ఆ పిల్లల అవసరం నిజమైనదే. కానీ ఏడో తరగతి పిల్లవాడికి ఒక్కటంటే ఒక్క అల్మారా ఉండాలి. అందులో యుగంధర్ ఉండాలి, షాడో ఉండాలి, కొత్తవాళ్లు తెలుగులో రాసే చిన్న సూపర్‌హీరో కథలుండాలి. చివరి పేజీ చిరిగితే అతికించే మనిషి కూడా ఉండాలి.